కారణం చెప్పని తీర్పు, చెప్పి దాచిన తీర్పు

ఫ్లోరిడా రాష్ట్రం వింటర్ పార్క్‌లో ఒక నగల దుకాణంలో పనిచేసే ఆవిడ 1984లో సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘంలో చేరింది. శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం పొద్దు గూకే దాకా ఆ మతస్తులు పని ముట్టరు. దుకాణం వాళ్ళు ఉద్యోగంలోంచి తీసేశారు. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే, వేసిన డ్యూటీకి రాకపోవడం దుష్ప్రవర్తన కాబట్టి భృతి రాదన్నారు. ఆవిడ అప్పీలు ఐదో జిల్లా అప్పీలు కోర్టుకు వెళ్ళింది. కింది నిర్ణయాన్ని ఖాయం చేస్తున్నామని కోర్టు చెప్పింది. ఎందుకో రాయలేదు.

కారణం రాయలేదు కాబట్టి ఫ్లోరిడా సుప్రీంకోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. దేశపు సుప్రీంకోర్టు దారి మాత్రం తెరిచే ఉంది. రాష్ట్రంలో ఇక పైకి వెళ్ళడానికి కోర్టు లేనప్పుడు, చివరగా తీర్పిచ్చిన కోర్టు నుంచి నేరుగా వాషింగ్టన్ వెళ్ళవచ్చు. 1987 ఫిబ్రవరిలో అక్కడ ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు మరోవైపు నిలిచి, భృతి నిరాకరించడం మతస్వేచ్ఛకు విరుద్ధమని తేల్చారు. జస్టిస్ బ్రెనన్ రాసిన, ఆవిడ ఇంటిపేరుతో హాబీ తీర్పుగా పేరుపడ్డ ఆ తీర్పును మతస్వేచ్ఛ గురించి చదివేవాళ్ళంతా చదువుతారు. నన్ను నిలబెట్టింది అందులోని ఒక అధోజ్ఞాపిక. సొంత రాష్ట్రపు పెద్ద కోర్టు ఈ కేసును ఎందుకు ముట్టుకోలేకపోయిందో అందులో ఉంది.

పక్కన కాలిఫోర్నియాను పెట్టి చూద్దాం. పైకి రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ సుప్రీంకోర్టుకు ఏడుగురు జడ్జీలు. రెండింటిలోనూ మధ్యస్థాయి అప్పీలు కోర్టుకు ఆరు జిల్లాలు. ఫ్లోరిడాలో ఆరోది 2023 జనవరి 1న లేక్‌లాండ్ కేంద్రంగా మొదలైంది. రెండుచోట్లా ట్రయల్ కోర్టులో ఓడినవాడికి ఒక అప్పీలు హక్కుగా దక్కుతుంది, ఆ పైమెట్టు చాలావరకు సుప్రీంకోర్టు ఇష్టాన్ని బట్టి. మరణశిక్ష పడ్డ కేసులు మధ్య మెట్టు దాటి నేరుగా పైకి వెళ్ళడం కూడా రెండుచోట్లా ఒకటే. తేడా అంతా ఆ ఒక్క అప్పీలు ముగిసేటప్పుడు ఓడినవాడి చేతిలో ఏం పెడతారన్న దగ్గర ఉంది.

అప్పీళ్ళ మీద రాసేవాళ్ళు సాధారణంగా ఎన్ని మెట్లున్నాయని లెక్కపెడతారు. నేను రెండే అడుగుతాను. మొదటి మెట్టు మీద ఓడినవాడికి కారణం చెప్పారా? ఆ కారణం రేపు ఇంకొకడి కేసులో పనికొస్తుందా? మొదటి ప్రశ్న దగ్గర ఫ్లోరిడా తప్పింది, రెండో దాని దగ్గర కాలిఫోర్నియా తప్పింది. రెండు తప్పులూ ఒకే బరువువి కావు.

ఫ్లోరిడా ఇక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. జిల్లా అప్పీలు కోర్టులు 1957లో పని మొదలుపెట్టాయి. సుప్రీంకోర్టు మీద బరువు తగ్గించడం, చాలా కేసుల్లో జిల్లా కోర్టు మాటే చివరి మాట కావడం వాటి ఉద్దేశం. ఒక జిల్లా చెప్పినదానికీ ఇంకో జిల్లా చెప్పినదానికీ పొత్తు కుదరనప్పుడు సుప్రీంకోర్టు కలగజేసుకుని సరిచేస్తుంది. మరి జిల్లా కోర్టు ఏమీ చెప్పకుండా ఖాయం చేస్తే? 1965లో ఫోలీ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఉదారమైన జవాబు ఇచ్చింది. తీర్పులో మాట లేకపోయినా కింది కోర్టు రికార్డు తిరగేసి, అందులో వైరుధ్యం కనిపిస్తే కేసు తీసుకుంటామంది. ఇక ఓడిన ప్రతివాడూ రికార్డు పట్టుకుని పైకి రావడం మొదలుపెట్టాడు. మధ్యలో కోర్టు పెట్టింది దేనికో అర్థం లేకుండా పోయింది.

1980లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. వైరుధ్యం ‘స్పష్టంగా, నేరుగా’ ఉంటేనే సుప్రీంకోర్టుకు అధికారం. అదే ఏడు జెన్‌కిన్స్ కేసులో ఆ కోర్టు తన చేతులు తానే కట్టుకుంది. కారణం రాయకుండా ఖాయం చేసిన తీర్పును వైరుధ్యం పేరుతో చూసే అధికారం తనకు లేదంది. అందులో ఇంకో మాట కూడా ఉంది, చాలామంది దాన్ని దాటేసి పోతారు. కేసు విన్న ముగ్గురు జిల్లా జడ్జీల్లో ఒకరు అసమ్మతి రాసినా ఫలితం మారదు. ఆ జడ్జి ముప్పై పేజీలు రాసి, ఈ తీర్పు ఫలానా జిల్లా తీర్పుకు అడ్డంగా ఉందని వరసలు ఎత్తి చూపినా, మెజారిటీ మౌనంగా ఉంటే తలుపు తెరుచుకోదు. 1986లో రీవ్స్ కేసులో దీన్ని ఇంకా బిగించారు: వైరుధ్యం మెజారిటీ తీర్పు నాలుగు అంచుల మధ్యే కనిపించాలి.

నాకు మింగుడుపడనిది ఇదే. పై కోర్టు తలుపు తాళం ఎవరి తప్పును చూడాలో వాళ్ళ చేతికే ఇచ్చారు. జిల్లా జడ్జీలు కావాలని దాక్కుంటారని నేను అనడం లేదు. పని ఒత్తిడిలో ఉన్న ముగ్గురు మనుషులు తేలిక అనిపించిన కేసును తేలిగ్గా ముగించడమే ఎక్కువ. కానీ తేలిక అనిపించిన కేసు నిజంగా తేలికదేనా అని అడిగే హక్కు కూడా ఆ ఒక్క మాటతోనే పోతుంది. హాబీ కేసు వాళ్ళకు తేలికదే అనిపించి ఉండాలి.

ఇక ఆ మౌనం లోపల ఏముందో ఊహించాలి. ఫ్లోరిడా లాయర్లు నవ్వుతూ చెప్పుకునే ‘తాగిన బండివాడి సూత్రం’ ఒకటి ఉంది. 1879లో జార్జియా కోర్టు ఒక తీర్పులో ఆలివర్ గోల్డ్‌స్మిత్ కవితలోని బండివాణ్ణి తలుచుకుంది. అక్కడినుంచి ఆ పేరు ఫ్లోరిడాకు వచ్చి స్థిరపడింది. బండివాడు తాగి దారి తప్పినా బండి ఇంటికే చేరితే తప్పుబట్టడానికి లేదన్నది దాని సారం. ట్రయల్ జడ్జి చెప్పిన కారణం తప్పే అయినా, రికార్డులో ఇంకో సరైన కారణం ఉండి ఫలితం నిలబడితే అప్పీలు కోర్టు ఖాయం చేయవచ్చు. సూత్రంగా దీన్ని తప్పుపట్టను, ఏ అప్పీలు కోర్టైనా ఇలాగే చేస్తుంది. కానీ మౌనంతో కలిస్తే ఏమవుతుంది? ఖాయం అన్న మాట వెనక ట్రయల్ జడ్జి సరిగ్గానే చెప్పాడని ఉండవచ్చు. అతను తాగిన బండివాడైనా ఇల్లు చేరాడని ఉండవచ్చు. పొరపాటు ఉంది గానీ ఫలితాన్ని మార్చేంతటిది కాదని ఉండవచ్చు. ట్రయల్‌లో లాయరు అభ్యంతరం లేవనెత్తలేదని ఉండవచ్చు. లేదా విచారణ ట్రాన్‌స్క్రిప్టు దాఖలు చేయలేదు కాబట్టి 1979 నాటి అప్లిగేట్ తీర్పు ప్రకారం ఖాయం చేయక తప్పలేదని ఉండవచ్చు. చివరి రెండూ లాయరు తప్పులు, మొదటిదేమో క్లయింటుకు అసలు కేసే లేదని చెప్పడం. ఇందులో ఏది జరిగిందో తెలియని క్లయింటు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి?

రాతపూర్వక అభిప్రాయం ఇమ్మని 15 రోజుల్లో అడగడానికి నియమం ఉంది. అయితే ఆ అభిప్రాయం ఎందుకు అవసరమో, ఉదాహరణకు అది వస్తే సుప్రీంకోర్టు చూడడానికి ఎందుకు ఆస్కారం ఉంటుందో, అర్జీలో చూపాలి. కారణం చెప్పమని అడగడానికి ముందు మనం కారణం చెప్పాలి.

ఫ్లోరిడా తరఫున చెప్పవలసిందీ ఉంది. కారణం లేని ఆ ఖాయాలు ఎవరికీ నజీరు కావని 1983లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నష్టం ఆ ఒక్క కేసు గడప దాటదు. పైగా అక్కడి జిల్లా కోర్టు రాయాలని రాస్తే, రాసింది అందరి ముందూ ఉంటుంది, అందరూ ఎత్తి చూపవచ్చు. రాసి దాచడం ఫ్లోరిడాకు తెలియదు. ఆ విద్య కాలిఫోర్నియాది.

కాలిఫోర్నియా రాజ్యాంగం ఆరో అధికరణం 14వ సెక్షన్, సుప్రీంకోర్టూ అప్పీలు కోర్టులూ కేసును తేల్చే నిర్ణయాలు కారణాలతో రాతలో ఉండాలంటుంది. ఈ షరతు 1879 రాజ్యాంగం నాటిది. అదే అధికరణం 19వ సెక్షన్‌లో ఇంకో ముచ్చటైన నిబంధన ఉంది. తీర్పు కోసం అప్పగించిన కేసు 90 రోజులు దాటి తేలకుండా ఉంటే, అది తేలేదాకా జడ్జి జీతం తీసుకోకూడదు. మన హైకోర్టుల్లో తీర్పు రిజర్వు చేశాక నెలలు లెక్కపెట్టుకునే కక్షిదారులకు ఇది చదివితే నోరూరుతుంది.

ఈ రెండు సెక్షన్లూ కలిసి అక్కడి అప్పీలు కోర్టు పద్ధతినే మలిచాయి. వాదనలు విన్నాక 90 రోజుల గడియారం మొదలవుతుంది కాబట్టి, జడ్జీలు ముందే చిత్తు తీర్పు తయారు చేసుకుని, ఆ తరువాతే వాదనకు తేదీ ఇస్తారు. రివర్‌సైడ్‌లో కూర్చునే డివిజన్ ఆ చిత్తును వాదనకు ముందే లాయర్లకు పంపిస్తుంది. ఏ వాక్యం దగ్గర కోర్టు తప్పటడుగు వేస్తోందో తెలుసుకుని లాయరు సరిగ్గా అక్కడే మాట్లాడవచ్చు. ఆ చిత్తుతోపాటు వాదన వదులుకొమ్మని నచ్చజెప్పే ధోరణిలో నోటీసు పంపితే, 2004లో పేనియా కేసులో సుప్రీంకోర్టు ఆ నోటీసును తప్పుబట్టింది. చిత్తు పంపడాన్ని ఆపలేదు. ముందే రాసుకుని వినడం వాదనను తంతుగా మార్చేస్తుందని అనేవాళ్ళున్నారు. అది కొంతవరకు నిజమే. కానీ తంతులోనైనా కాగితం ఎదురుగా ఉండడం, ఏ కాగితమూ లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

కారణం రాయాలన్న ఒక్క షరతు నుంచి చిన్న చిన్న మర్యాదలు ఎన్నో పుట్టుకొచ్చాయి. రెండు పక్షాలూ ఎత్తని అంశం మీద కోర్టు తీర్పివ్వదలిస్తే, ముందు ఆ అంశం మీద రాసుకునే అవకాశం ఇద్దరికీ ఇవ్వాలని చట్టం ఉంది. తీర్పులో వాస్తవాలు తప్పుగా రాస్తే 15 రోజుల్లో పునర్విచారణ అడిగి ఆ తప్పు ఎత్తిచూపాలి. అలా చూపకపోతే సుప్రీంకోర్టు సాధారణంగా అప్పీలు కోర్టు చెప్పిన కథనే నమ్ముతుంది. ఇవన్నీ కోర్టు కథ చెప్పినప్పుడే సాధ్యం. క్రిమినల్ అప్పీలులో ప్రభుత్వం పెట్టిన లాయరు వాదించదగ్గ అంశమేదీ దొరకలేదని చేతులెత్తేస్తే, 1979 నాటి వెండే తీర్పు ప్రకారం కోర్టే మొత్తం రికార్డు చదవాలి. శిక్ష పడిన తరువాత వేసే కొన్ని అర్జీల అప్పీళ్ళకు ఇది వర్తించదని 2022లో డెల్గాడిల్లో కేసులో కొంత కుదించారు గానీ, మొదటి అప్పీలుకు అది నిలిచే ఉంది.

మరి తప్పెక్కడ? కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పుల్లో సుమారు పదింట తొమ్మిది ‘ప్రచురణకు కాదు’ అన్న ముద్రతో వస్తాయి. 1964 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ముద్ర పడిన తీర్పును మరో కేసులో ఏ లాయరూ ఉదహరించకూడదు, ఏ కోర్టూ ఆధారం చేసుకోకూడదు. తీర్పు రహస్యం కాదు, ఎవరైనా చదవవచ్చు. సాన్ హోసేలో ఇల్లు కొన్న ఒక తెలుగు కుటుంబానికి బిల్డరుతో తగాదా వచ్చిందనుకుందాం. అచ్చం అలాంటి తగాదాలో అదే ఆరో జిల్లా నిరుడు ఇచ్చిన పాతిక పేజీల తీర్పు వాళ్ళ లాయరు కంప్యూటర్‌లో దొరుకుతుంది. కానీ కోర్టులో దాని పేరెత్తకూడదు. అందులోని వాదనను తన సొంత వాదనలా మళ్ళీ అల్లుకోవచ్చు గానీ, ‘మీరే నిరుడు ఇలా అన్నారు కదా’ అనడానికి లేదు. జడ్జికీ తెలుసు, లాయరుకీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టు మాట్లాడతారు.

దీనికి తోడు ఇంకో వింత. అప్పీలు కోర్టు ప్రచురించిన తీర్పును కూడా సుప్రీంకోర్టు కేసు తీసుకోకుండానే ఒక్క ఆదేశంతో ప్రచురణ నుంచి తీసేయగలదు. కారణం చెప్పనక్కరలేదు. తీర్పు తప్పని చెప్పినట్టు కాదు, ఒప్పని చెప్పినట్టూ కాదు. కక్షిదారుకు ఫలితం అలాగే ఉంటుంది, న్యాయశాస్త్రానికి మాత్రం ఆ తీర్పు పుట్టనేలేదు. కారణాలు రాయాలని రాజ్యాంగంలో రాసుకున్న రాష్ట్రం కారణాలను కారణం చెప్పకుండా తుడిచేయడం నాకు ఎప్పుడూ విడ్డూరమే.

పైమెట్టు దగ్గర రెండు రాష్ట్రాలూ దాదాపు ఒకే తీరు, అడిగే ప్రశ్న మాత్రం వేరు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లో ఆర్డర్ 47 కింద వేసే రివ్యూ అదే కోర్టును మళ్ళీ చూడమని. వీళ్ళ రివ్యూ పిటిషను పై కోర్టును కేసు తీసుకొమ్మని. కాలిఫోర్నియాలో అప్పీలు తీర్పు 30 రోజులకు ఖరారవుతుంది, ఆ తరువాతి 10 రోజుల్లోనే పిటిషను పడాలి, 8,400 పదాలు దాటకూడదు. తీర్పుల్లో ఏకరూపత కోసమో, ముఖ్యమైన న్యాయ ప్రశ్న తేల్చడానికో పిటిషను తీసుకుంటారు. ఏడుగురిలో నలుగురు ఊ అనాలి. ఫ్లోరిడాలో 30 రోజుల్లో నోటీసు, ఆ వెంట 2,500 పదాల పత్రం. ఆ పత్రంలో కేసు మంచిచెడ్డలు ఎత్తకూడదు, అధికార పరిధి ఉందా లేదా అన్నంతవరకే. కాలిఫోర్నియాలో ‘ఇది ముఖ్యమా’ అని అడుగుతారు, ఫ్లోరిడాలో ‘మాకు చూసే అధికారం ఉందా’ అని. తిరస్కరించేటప్పుడు ఇద్దరిదీ ఒక్క వాక్యమే. ఈ మెట్టు మీద ఆ ఒక్క వాక్యాన్ని నేను తప్పుపట్టను. ఒక అప్పీలు కారణంతో సహా అందుకున్నవాడికి రెండోది రాకపోవడం అన్యాయం కాదు. మొదటిదే కారణం లేకుండా అందుకున్నవాడికి మాత్రం అది గోడ మీద గోడ.

మౌనం ఖరీదు రాష్ట్రం లోపలే ముగియదు. ఖైదీ తన నిర్బంధాన్ని సవాలు చేస్తూ ఫెడరల్ కోర్టుకు హేబియస్ పిటిషనుతో వెళ్తే, రాష్ట్ర కోర్టు తేల్చిన దాన్ని ఫెడరల్ జడ్జి చాలా గౌరవించాలని చట్టం. 2011లో హారింగ్టన్ వర్సెస్ రిక్టర్ కేసు కాలిఫోర్నియా నుంచే వెళ్ళింది. అక్కడ హేబియస్ పిటిషను నేరుగా సుప్రీంకోర్టులో వేయవచ్చు, కోర్టు దాన్ని ఒక వాక్యంలో తోసేయవచ్చు. రిక్టర్‌ది అలాగే పోయింది. కారణం లేకపోయినా గౌరవం ఇవ్వాల్సిందేనని, రాష్ట్ర కోర్టుకు ఏ కారణాలు ఉండి ఉండవచ్చో ఫెడరల్ జడ్జే ఆలోచించుకోవాలని వాషింగ్టన్ చెప్పింది. 14వ సెక్షన్ గొప్పగా చెప్పుకునే రాష్ట్రానికి ఇది ఒక చీకటి మూల. 2018లో విల్సన్ వర్సెస్ సెల్లర్స్ తీర్పు దీన్ని కొంత సర్దింది: పై కోర్టు మౌనంగా ఖాయం చేస్తే, దాన్ని దాటి కిందికి చూసి, చివరిసారి ఎవరు కారణం రాశారో సాధారణంగా దాన్నే పట్టుకోవాలంది. దాంతో ఫ్లోరిడా జిల్లా కోర్టు నోరు విప్పని చోట ట్రయల్ జడ్జి మాటే మొత్తం రాష్ట్రం మాటగా చెలామణి అవుతుంది.

మన కోర్టుల వైపు ఒకసారి తల తిప్పితే, మొదటి అప్పీలు విషయంలో మన సీపీసీ కాలిఫోర్నియా పక్కన నిలబడుతుంది. ఆర్డర్ 41 రూల్ 31 ప్రకారం తేల్చవలసిన అంశాలు, వాటి మీద నిర్ణయం, దానికి కారణాలు అప్పీలు తీర్పులో ఉండాలి. అడ్మిషన్ దశలోనే కొట్టేసినా కారణాలు క్లుప్తంగా రాయాలని 1976 సవరణ రూల్ 11లో చేర్చింది, కానీ హైకోర్టును మినహాయించింది. ఆ మినహాయింపు చూస్తే ఫ్లోరిడా గుర్తొస్తుంది. ఇక ఢిల్లీలో ఎస్సెల్పీ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషను) ఒక్క మాటతో కొట్టేయడం మనకు కొత్త కాదు. అలా కారణం లేకుండా కొట్టేస్తే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో విలీనం కాదని 2000లో కున్హయమ్మద్ కేసులో స్పష్టం చేశారు. పైకోర్టు మౌనానికి ఇంత కంటే బరువు ఇవ్వకపోవడం మనవాళ్ళు చేసిన తెలివైన పని. రిక్టర్ తీర్పు రాసినవాళ్ళు ఆ దారి పట్టలేదు.

ఫ్లోరిడా సమర్థకుల చివరి వాదన పని భారం. ప్రతి కేసుకీ రాస్తే కోర్టు మునిగిపోతుందంటారు. వెస్ట్ వర్జీనియాను చూడాలి. అక్కడ చాలాకాలం మధ్యస్థాయి కోర్టే లేదు, సుప్రీంకోర్టులో ఉన్నది ఐదుగురు. 2010 దాకా ఆ ఐదుగురూ అప్పీలు పిటిషన్లను కారణం చెప్పకుండా తిప్పి పంపగలిగేవాళ్ళు. ఆ ఏడు డిసెంబరు 1 నుంచి కొత్త నియమాలు పెట్టుకున్నారు. సరిగ్గా దాఖలైన ప్రతి అప్పీలుకూ రాతలో నిర్ణయం, పెద్ద తీర్పు అక్కరలేని చోట కొద్ది పేజీల మెమోరాండం. మధ్యస్థాయి కోర్టు 2022 జూలైలో గానీ రాలేదు, అంటే పదకొండేళ్ళకు పైగా ఐదుగురే ఆ పని లాక్కొచ్చారు. 2014లో మెకిన్లీ కేసులో ఇంకో అడుగు వేసి, ఆ మెమోరాండంలను ఎవరైనా ఉదహరించవచ్చు, అవి నజీరే అన్నారు. ప్రచురించిన పెద్ద తీర్పుతో మెమోరాండం విభేదిస్తే పెద్ద తీర్పే చెల్లుతుందని ఒక్క షరతు పెట్టుకున్నారు. కాలిఫోర్నియా ముద్ర వేసి దాచుకుంటున్న తీర్పులకూ ఆ ఒక్క షరతు సరిపోతుంది.